చీకటి ప్రేక్షకాగారం, కదిలే నటుడు: రంగస్థల ఫొటోలకు ఎలాంటి టెలిఫోటో లెన్స్ కావాలి?

తెర పడిన తర్వాత నాటకానికి మిగిలే ఆధారాలు తక్కువ. రాతప్రతి, కరపత్రం, కొన్ని ఫొటోలు. ప్రదర్శనను మంచి వీడియోగా చిత్రీకరించే స్తోమత అన్ని సమాజాలకూ ఉండదు. పరిషత్తు పోటీలలో ఒకటి రెండుసార్లు ఆడి ఆగిపోయిన నాటికకు ఆ పది ఫొటోలే చరిత్ర. అవి మసకబారితే మళ్లీ తీసే వీలు లేదు.

అయినా లెన్స్ కొనే సమయంలో చాలామంది మొదట అడిగేది అది ఎంత దూరాన్ని దగ్గరకు తెస్తుందనే. 55-250, 70-300 మిల్లీమీటర్ల జూమ్‌లు తక్కువ ధరకే దొరకడం ఇందుకొక కారణం. పగటి వెలుతురులో చక్కగా పనిచేసే ఈ లెన్సులు ప్రేక్షకాగారంలో దీపాలు ఆర్పగానే తడబడతాయి. ఇబ్బంది దూరంతో కాదు, అపర్చర్‌తో.

నాలుగు రెట్ల తేడా

లెన్స్ లోపలికి వెలుతురును రానిచ్చే ద్వారమే అపర్చర్. ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. చవక జూమ్‌లు పూర్తిగా జూమ్ చేసినప్పుడు సాధారణంగా ఎఫ్/5.6 వద్ద ఆగిపోతాయి. ఎఫ్/2.8 లెన్స్ దానికంటే నాలుగు రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది.

దీని ప్రభావం షట్టర్ వేగంపై పడుతుంది. ఒక సన్నివేశానికి ఐఎస్ఓ 6400, ఎఫ్/5.6 వద్ద సెకనులో 60వ వంతు సమయం అవసరమైతే, ఎఫ్/2.8 వద్ద దాదాపు 250వ వంతు చాలు. 60వ వంతులో సంభాషణ చెబుతున్న నటుడి చేతులు చెదిరిపోతాయి. 250వ వంతులో నిలుస్తాయి. కూచిపూడి తరంగంలో పళ్లెం అంచుపై ఆడే పాదాలకు 500వ వంతు దాకా వెళ్లక తప్పదు.

లెన్స్‌పై స్టెబిలైజేషన్ అని రాసి ఉంటే ఇదంతా అవసరం లేదని కొందరు భావిస్తారు. అది ఫొటోగ్రాఫర్ చేతి వణుకును మాత్రమే సరిచేస్తుంది. నటుడి కదలికను ఆపలేదు. ఐఎస్ఓను 25600కు పెంచి ఎఫ్/5.6 తోనే సరిపెట్టుకోవచ్చు గానీ, అప్పుడు వచ్చే రవ్వల్లో ముదురు రంగు ఆహార్యం, కనుబొమల దిద్దుబాటు కలిసిపోతాయి. ఫ్లాష్ మాట ఎత్తకపోవడమే మేలు. అది దీపాల రూపకర్త శ్రమను ఒక్క క్షణంలో తుడిచేస్తుంది, నటుడి ఏకాగ్రతనూ చెడగొడుతుంది.

ఏ వరుసలో కూర్చుంటారు?

ఫోకల్ లెంగ్త్ ఎంపికకు చిన్న లెక్క చాలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ పొడవు 36 మిల్లీమీటర్లు. నటుడు 20 మీటర్ల దూరంలో ఉంటే 200 మిల్లీమీటర్ల లెన్స్‌లో, కెమెరాను నిలువుగా పట్టుకున్నప్పుడు, సుమారు 3.6 మీటర్ల ఎత్తు పడుతుంది. నిలుచున్న మనిషికి అది తగినంత. అదే మనిషిని 10 మీటర్ల నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే దాదాపు 4.2 మీటర్లు వస్తుంది. అంటే ముందు వరుసలో చోటు సంపాదించగలిగితే ఖరీదైన పొడవాటి లెన్స్ అవసరమే తగ్గిపోతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరాలలో ఇదే 85 సుమారు 130 లాగా పనిచేస్తుంది కాబట్టి చిన్న బడ్జెట్ వారికి ఇది మరింత అనుకూలం.

85 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ సాధారణంగా అరకిలో లోపే ఉంటుంది. ఎఫ్/2.8 కంటే రెండు రెట్లకు పైగా వెలుతురునిస్తుంది. 70-200 ఎఫ్/2.8 జూమ్ బరువు సుమారు కిలో నుంచి కిలోన్నర. 200 వద్ద ఎఫ్/2.8 కావాలంటే ద్వారం వ్యాసం 71 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ వెడల్పు గాజుకే ఆ బరువు, ఆ ధర.

అయితే ప్రైమ్ అన్ని ప్రదర్శనలకూ సరిపోదు. కేరళ కూడియాట్టంలో నూనె దీపం ముందు నటుడు ఒకే చోట చాలాసేపు కళ్లతోనే కథ నడిపిస్తాడు. అక్కడ ఎఫ్/1.8 అమూల్యం. 1885లో పుట్టిన సురభి నాటకాల తీరు వేరు. ‘మాయాబజార్’లో మాయలు రెప్పపాటులో జరుగుతాయి. రంగమంతా చూపిన మరుక్షణమే ముఖం కావాలి. అక్కడ జూమ్ ఉండాల్సిందే. కొనలేనివారు ప్రదర్శన రోజుకు మాత్రం అద్దెకు తెచ్చుకోవచ్చు. చవక జూమ్‌కు టెలికన్వర్టర్ తగిలించడం మాత్రం వృథా. 1.4 రెట్ల కన్వర్టర్ ఉన్న వెలుతురులో సగం మింగేస్తుంది.

పెద్ద అపర్చర్‌కూ ఇబ్బంది ఉంది. 10 మీటర్ల దూరంలో 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.8కు స్పష్టంగా కనిపించే లోతు సుమారు మీటరున్నర మాత్రమే. ముందు నిలుచున్న కీచకుడిపై ఫోకస్ చేస్తే, రెండు మీటర్ల వెనుకనున్న ద్రౌపది మసకవుతుంది. ఇద్దరూ కావాలంటే ఎఫ్/2.8 లేదా ఎఫ్/4కు దిగి, ఇద్దరూ కదలక నిలిచే క్షణం కోసం ఎదురుచూడాలి.

మిర్రర్‌లెస్ కెమెరాలలోని నిశ్శబ్ద షట్టర్ ప్రేక్షకులకు హాయినిస్తుంది. అయితే కొన్ని ఎల్ఈడీ దీపాల కింద అది ఫొటోపై అడ్డచారలు వేస్తుంది. పూర్తి దీపాలతో జరిగే రిహార్సల్‌లోనే నాలుగు ఫొటోలు తీసి తెరపై పెద్దవి చేసి చూస్తే చారలు తెలిసిపోతాయి. వస్తే మెకానికల్ షట్టర్‌కు మారి, పాట, వాద్యం, చప్పట్ల మధ్య నొక్కడమే మార్గం.