రెండు మాత్రలు, ఒకే చెడ్డపేరు

"ఐ-పిల్ అంటే అబార్షన్ ట్యాబ్లెట్ కదా?" హాస్టల్లో, క్యాంటీన్లో, ఇంట్లో టీవీ ముందు, ఎక్కడైనా ఈ మాట ఒకే ధీమాతో వినిపిస్తుంది. కాదు. అవి రెండు వేర్వేరు మందులు. చేసే పని వేరు, వేసుకునే టైము వేరు, మన దేశంలో వాటికున్న రూల్స్ వేరు. ఈ తేడా తెలియకుండా ఎంత డిబేట్ చేసినా అది నేల విడిచి సాము చేయడమే.

తప్పంతా జనాలదే అనలేం. మెడికల్ షాపులో అన్‌వాంటెడ్-72 అని దొరికేది ఎమర్జెన్సీ మాత్ర. అన్‌వాంటెడ్-కిట్ అని దొరికేది అబార్షన్ మాత్రల ప్యాక్. రెండూ ఒకే కంపెనీవి. కోడ్‌లో రెండు వేరియబుల్స్‌కి ఇలాంటి పేర్లు పెడితే ల్యాబ్ వైవాలో మన పని అయిపోయినట్టే. అలాంటిది కౌంటర్ దగ్గర నలుగురి మధ్య నిలబడి, గొంతు తగ్గించి అడగాల్సిన మందుకి ఆ పేర్లు పెట్టారు.

ముందు ఎమర్జెన్సీ మాత్ర సంగతి చూద్దాం. అందులో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోను, 1.5 మిల్లీగ్రాములు, ఒకే ఒక్క ట్యాబ్లెట్. రోజూ వేసుకునే కొన్ని గర్భనిరోధక మాత్రల్లో ఉండేది కూడా ఇదే హార్మోను, కాకపోతే ఇక్కడ డోసు చాలా ఎక్కువ. కండోమ్ చిరిగినా, అసలేమీ వాడకపోయినా, బలవంతం జరిగినా 72 గంటల్లోపు వేసుకోవాలి.

చాలామంది ఊహ ఏంటంటే, కలిసిన రాత్రే గర్భం వచ్చేస్తుంది, ఈ మాత్ర వెళ్లి దాన్ని కడిగేస్తుంది అని. శరీరం అంత స్పీడుగా పనిచెయ్యదు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతికుండగలవు. అండం మాత్రం విడుదలయ్యాక ఒక్క రోజుకి మించి బతకదు. అందుకే చాలాసార్లు వీర్యకణాలే ముందు చేరి అండం కోసం వెయిట్ చేస్తుంటాయి. అండం విడుదల కావాలంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పెరగాలి. ఎమర్జెన్సీ మాత్ర ఆ పెరుగుదలకి అడ్డుపడుతుంది. అండం విడుదల కొన్ని రోజులు వాయిదా పడుతుంది, ఆలోపు వీర్యకణాలు చచ్చిపోతాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు విన్నవాళ్లకి రేస్ కండిషన్ గుర్తొస్తుంది. రెండు ప్రాసెస్‌లు ఒకే చోట కలవకుండా ఒకదానికి డిలే పెట్టడం అన్నమాట.

దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఎల్‌హెచ్ ఇప్పటికే పెరగడం మొదలైతే మాత్ర పెద్దగా చేసేదేం లేదు. అందుకే 72 గంటలు టైముంది కదా అని రెండు రోజులు ఆలోచిస్తూ కూర్చోవడం తప్పు. ప్రతి గంటకీ లెక్క ఉంది. బరువు ఎక్కువున్న వాళ్లలో ఇది తక్కువ పనిచేయొచ్చని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు కూడా దీని ప్రభావాన్ని తగ్గిస్తాయి. వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. 72 గంటలు దాటినా ఐదో రోజు దాకా డాక్టర్ దగ్గర కాపర్-టీ వేయించుకునే దారి ఉంది, నిజానికి అన్నిటికంటే బాగా పనిచేసేది అదే. నెలసరి ఓ వారం అటూ ఇటూ కావడం మామూలే. వారం దాటి రాకపోతే టెస్ట్ చేసుకోవాలి. ఇక "ఒక్కసారి వేసుకున్నా జన్మలో పిల్లలు పుట్టరు" అనే మాటకి ఆధారం లేదు. రోజువారీ పద్ధతిగా వాడుకోవడానికి ఇది పనికిరాదు, ఎందుకంటే రోజువారీ పద్ధతులంత బాగా ఇది పనిచెయ్యదు. అంతేగానీ గర్భసంచి పాడైపోతుందని కాదు.

మరి అప్పటికే గర్భం వచ్చి ఉంటే? ఏమీ జరగదు. ఈ మాత్ర గర్భాన్ని తీసెయ్యలేదు, పిండానికి హాని కూడా చెయ్యదు.

అయినా అబార్షన్ అనే ముద్ర ఎలా పడింది? ఈ గొడవ ఎక్కువగా అమెరికాది. గర్భం ఎప్పుడు మొదలైనట్టు అన్నది అక్కడి వాదన. ఫలదీకరణ జరిగిన క్షణం నుంచే అని కొన్ని చర్చిలు నమ్ముతాయి. ఫలదీకరణ జరిగిన అండం గర్భాశయం గోడకి అతుక్కున్నాకే గర్భం అని వైద్య సంఘాలు అంటాయి. ఈ రెండిటి మధ్య దాదాపు వారం గ్యాప్ ఉంటుంది. మాత్ర ఆ వారంలో అండాన్ని అతుక్కోనివ్వదేమో అన్న అనుమానం ఒకటి ఉండేది. అక్కడ ప్లాన్ బి పేరుతో అమ్మే ఈ మందు లేబుల్ మీద కూడా అలా జరగొచ్చు అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం చాలా ఏళ్లు ఉంది. 2014లో హాబీ లాబీ అనే కంపెనీ మా ఉద్యోగుల ఇన్సూరెన్స్‌లో ఇలాంటివాటికి డబ్బు కట్టం, అది మా మతానికి వ్యతిరేకం అని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 5-4 తేడాతో గెలిచింది.

ఆ అనుమానాన్ని పరీక్షించడం కష్టమేం కాదు. మాత్ర నిజంగా అండాన్ని అతుక్కోనివ్వకపోతే, అండం విడుదలయ్యాక వేసుకున్నవాళ్లకి కూడా గర్భం రాకూడదు. పరిశోధకులు రక్తపరీక్షలతో, స్కాన్లతో అండం విడుదలైన రోజు కనిపెట్టి చూశారు. విడుదలకి ముందు వేసుకున్నవాళ్లలో మాత్ర పనిచేసింది. తర్వాత వేసుకున్నవాళ్లలో, అసలు వేసుకోకపోతే ఎంతమందికి వస్తుందో దాదాపు అంతమందికీ గర్భం వచ్చింది. చివరికి 2022 డిసెంబర్‌లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆ వాక్యాన్ని లేబుల్ నుంచి తీసేసింది. ఒక మత విశ్వాసాన్ని నేను గౌరవించగలను. కానీ ఆ విశ్వాసం ప్రకారం చూసినా ఈ మాత్ర మీద పెట్టిన కేసు నిలబడదని నా అభిప్రాయం.

అబార్షన్ మాత్ర మీద జరిగే వాదన అలా కాదు, అక్కడ భేదాభిప్రాయం నిజమైనదే. మిఫెప్రిస్టోన్ అనే ఈ మందు 1980లో ఫ్రాన్స్‌లోని రూసెల్-ఉక్లాఫ్ కంపెనీలో పుట్టింది. దాని వెనక ఉన్న శాస్త్రవేత్త ఎతియెన్-ఎమిల్ బోలియు. గర్భం నిలబడాలంటే ప్రొజెస్టిరోన్ హార్మోను సిగ్నల్ ఆగకుండా అందుతుండాలి. మిఫెప్రిస్టోన్ ఆ సిగ్నల్ అందుకునే రిసెప్టర్లో తాను కూర్చుంటుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వేసే మిసోప్రోస్టాల్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసి లోపలున్నదాన్ని బయటికి పంపుతుంది. ఈ రెండోది మొదట కడుపులో పుండ్లకి వచ్చిన మందు. అబార్షన్ నిషేధం ఉన్న బ్రెజిల్‌లో 1980లలో ఆడవాళ్లే దీనికి ఈ ఉపయోగం కనిపెట్టారు.

1988లో ఫ్రాన్స్ అనుమతి ఇచ్చింది. నిరసనలకి భయపడి నెల తిరక్కుండానే కంపెనీ మందుని వెనక్కి తీసుకుంది. అప్పటి ఆరోగ్య మంత్రి క్లోద్ ఎవాన్, ఇది ఇక కంపెనీ సొత్తు కాదు, నైతికంగా మహిళల సొత్తు అంటూ మళ్లీ అమ్మేలా చేశాడు. అమెరికా అనుమతి 2000లో గానీ రాలేదు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు అబార్షన్ హక్కుని ఎత్తేశాక పోరాటమంతా ఈ మాత్ర చుట్టూ చేరింది, పోస్టులో పంపొచ్చా లేదా అనే దాకా వచ్చింది. 2024 జూన్‌లో మాత్రకి వ్యతిరేకంగా వేసిన కేసుని అదే కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. మాత్ర మంచిదా చెడ్డదా అని మాత్రం తేల్చలేదు, కేసు వేసే అర్హత మీకు లేదంది అంతే.

మన దేశం కథ దాదాపు తలకిందులు. అబార్షన్ ఇక్కడ 1971 నుంచి షరతులతో చట్టబద్ధం. దాని వెనక పెద్ద హక్కుల ఉద్యమమేం లేదు, నాటు పద్ధతుల్లో ఆడవాళ్లు చచ్చిపోతున్నారన్న ఆందోళన, జనాభా లెక్కలు ఉన్నాయి. అబార్షన్ మాత్రకి 2002లో అనుమతి వచ్చింది. డాక్టర్ చీటీ ఉండాలి, తొమ్మిది వారాల్లోపే వాడాలి. ఎమర్జెన్సీ మాత్ర 2005 నుంచి చీటీ లేకుండా కొనుక్కోవచ్చు.

కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2015లో దేశంలో సుమారు 1 కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయి. అందులో 73 శాతం ఆసుపత్రితో సంబంధం లేకుండా, మాత్రలతోనే. చట్టం డాక్టర్ దగ్గరికి వెళ్లమంటుంటే జనం మెడికల్ షాపుకి వెళ్తున్నారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ షాపుల్లో కూడా మందు దొరకదు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపడాన్ని ఆపాలని అధికారులు ఈ మాత్రల మీద నిఘా పెట్టడంతో షాపులవాళ్లు గొడవెందుకని తెప్పించడం మానేశారు. లింగం స్కాన్‌లో తెలిసేది సాధారణంగా పన్నెండు వారాలు దాటాక, ఈ మాత్ర వాడేది తొమ్మిది వారాల్లోపు. రెండిటికీ లింకే లేదు. ఇంకా విచిత్రం తమిళనాడులో ఉంది. అక్కడ ఎమర్జెన్సీ మాత్రే చాలా షాపుల్లో ఏళ్లుగా దొరకడం లేదు. దాన్ని నిషేధించిన చట్టమేదీ లేదు. చెన్నైలో చదివే మన తెలుగు స్టూడెంట్స్ ఎంతమంది ఉన్నారో తెలుసుగా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి ఉన్న అసలు ధర చూడండి. "అది అబార్షన్ మందు, పాపం" అనుకునే అమ్మాయి షాపు మెట్లెక్కదు. లేదా ఫ్రెండ్‌ని పంపాలా, తానే మాస్క్ పెట్టుకుని వెళ్లాలా అని ఆలోచిస్తూ రెండు రోజులు పోగొట్టుకుంటుంది. మూడో వారంలో టెస్ట్ కిట్ మీద రెండు గీతలు వస్తాయి. అప్పుడు ఆమె ముందున్న దారుల్లో నిజమైన అబార్షన్ మాత్ర ఒకటి. అబార్షన్ వద్దనేవాళ్లకే ఎమర్జెన్సీ మాత్ర ఎక్కువ అవసరం.

అబార్షన్ మాత్ర సరైన సమాచారంతో, సరైన వారాల్లో వాడితే సురక్షితమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కానీ గర్భం గర్భాశయంలో కాకుండా ట్యూబులో నిలిస్తే ఈ మాత్రలు పనిచెయ్యవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమనేది ఇందుకే. రక్తస్రావం మామూలే గానీ, గంటకి రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిచినా, ఒక పక్కన భరించలేని నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా తెల్లారేదాకా ఆగకూడదు.

డాక్టర్ అనగానే వచ్చే భయం వేరే ఉంది, ఇంట్లో చెప్పేస్తారేమో అని. పద్దెనిమిదేళ్లు నిండితే చట్టప్రకారం కావాల్సింది ఆమె అంగీకారం ఒక్కటే. అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు, మొగుడి సంతకం అక్కర్లేదు. గర్భనిరోధకం ఫెయిలైందన్న కారణం ఒకప్పుడు పెళ్లైనవాళ్లకే చెల్లేది. 2021 సవరణలో "భర్త" పోయి "పార్ట్‌నర్" వచ్చింది. 20 నుంచి 24 వారాల మధ్య ఇచ్చే అనుమతి పెళ్లికానివాళ్లకీ వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అనుమతించిన వాళ్లకి తప్ప ఆమె పేరు, వివరాలు ఇంకెవరికి చెప్పినా ఆ డాక్టర్‌కి ఏడాది దాకా జైలు పడొచ్చు.