జాతికుక్క వెల

ఏలూరునకు దక్షిణముగా కొంతదూరము పోయినచో కొల్లేటి లంకలు కనిపించును. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు ఈ సరస్సున చేరి ఉప్పుటేరు మార్గమున సముద్రమును కలియును. పూర్వము ఈ ప్రాంతమున బాతులను పెంచువారు ఎక్కువ. కోతలైన వరిచేలలోనికి, సరస్సు అంచులలోనికి వారు బాతుల మందలను తోలుకొని పోవుచుండిరి. వందలకొలది బాతులను ఒక్క మనిషి అదుపులో నుంచుట కష్టము. ఆ పనిలో కాపరికి తోడుపడినది జోనంగి యను కుక్క.

జోనంగి వెండ్రుకలు మిక్కిలి పొట్టివి. దూరమునుండి చూచువారికి ఒంటిపై రోమములే లేవనిపించును. నొసట ముడుతలుండును. ఇతర కుక్కలవలె ఇది మొరుగదు. రాగము తీసినట్లు కూయును. నేలను త్రవ్వి బొరియ చేసికొని అందు పడుకొనుట దీని అలవాటు. ఒక్క యజమానినే అంటిపెట్టుకొని యుండును. దీనికి వంశావళి పత్రము లేదు, ప్రదర్శనలలో గెలిచిన పతకము లేదు. పనికి నిలిచిన కుక్కను కాపరి ఉంచుకొనును. దాని పిల్లలను పెంచును. తరతరములుగా ఇట్లు జరుగుటవలననే ఇటువంటి జాతులు ఏర్పడును.

కుక్కల వంశములను పుస్తకములలో నమోదు చేయు పద్ధతి మనది కాదు. 1873లో ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడిన పిదప ఆ పద్ధతి స్థిరపడి లోకమంతట వ్యాపించెను. మన దేశమున ఆ పనిని చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చేయుచున్నది. ఆ సంస్థ ఇచ్చు పత్రములో పిల్ల తల్లిదండ్రుల పేర్లు, వారి పూర్వుల పేర్లు ఉండును. పిల్ల చర్మము క్రింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు నుంచి, దాని సంఖ్యను పత్రముపై వ్రాయుదురు. పత్రములోని సంఖ్యయు, కుక్క ఒంటిలోని సంఖ్యయు ఒక్కటే కావలెను. ఈ పత్రము వంశమును తెలుపును గాని ఆరోగ్యమును తెలుపదు. ఈ భేదము తెలియక మోసపోవువారు పెక్కుమంది.

కుక్కపిల్లను కొనదలచినవారు సాధారణముగా మొదట అడుగునది జాతి పేరు, దాని ధర. తాడేపల్లిగూడెపు ఉల్లి బజారులో మణుగు ఎంత యని అడిగినట్లే యుండును వారి ప్రశ్న. వెల ఎట్లు ఏర్పడునో ఆలోచించువారు తక్కువ. తల్లికుక్క సుమారు 63 దినములు చూలుతో నుండును. ఆ కాలమున దానికి మంచి తిండి పెట్టవలెను, పశువైద్యునికి చూపవలెను. మేలైన మగకుక్క యజమానికి రుసుము చెల్లింపవలెను. పిల్లలు పుట్టిన పిదప నులిపురుగుల మందు, టీకాలు, తిండి కావలెను. ఇవన్నియు కలిసి 42,000 రూపాయలైనవనుకొందము. ఏడు పిల్లలు బ్రతికినచో ఒక్కొక్క పిల్లపై 6,000 పడును. మూడే బ్రతికినచో 14,000 పడును. పెంపకందారు శ్రమకు కూలి ఇంకను ఇందులో చేరలేదు. అట్టి పిల్లనే మరియొకడు 4,000కు ఇత్తుననినచో, తగ్గిన సొమ్మును అతడు ఎందులో మిగిల్చెనో విచారింపవలెను. తల్లి తిండిలోనా, టీకాలలోనా, పిల్లను పాలు మరువకముందే అమ్ముటలోనా?

వెల హెచ్చుగా నున్నంత మాత్రమున పిల్ల మేలైనదనియు నమ్మరాదు. అరుదైన రంగు అని చెప్పి రెట్టింపు వెల అడుగువారు కలరు. మంచుదేశపు హస్కీని ఏలూరు ఎండలలోనికి తెచ్చి అమ్ముట వ్యాపారికి లాభమే గాని, ఆ మూగజీవికి అది శిక్ష. చప్పిడి ముక్కుగల పగ్గునకు ఊపిరి పీల్చుటయే కష్టము.

టీకా సంగతి మరికొంత వివరింపదగినది. పార్వో యను అంటువ్యాధి 1978లో లోకమునకు తెలిసినది. ఇది సోకిన పిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనములు కలుగును. సకాలమున చికిత్స జరుగనిచో కొలది దినములలోనే మరణించును. వ్యాధి సోకిన నాలుగైదు దినములవరకు లక్షణములు పైకి కనిపింపకపోవచ్చును. కావుననే కొన్ననాడు గంతులు వేసిన పిల్ల వారము తిరుగకుండ మూలబడును. బాలురు దాని ప్రక్కన కూర్చుండి ఏడ్చుదురు. అమ్మినవాడు టెలిఫోను తీయడు. ఈ వైరసు నేలపై నెలల తరబడి నిలుచును. అట్టి ఇంటికి టీకాలు పూర్తికాని మరియొక పిల్లను వెంటనే తెచ్చుట దానిని కూడ చంపుకొనుటయే.

కుక్కల పెంపకము, అమ్మకములను గూర్చి కేంద్రప్రభుత్వము 2017లో నియమములు చేసినది. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఆ వారములలోనే పిల్ల తన తోబుట్టువులతో పోట్లాడి, ఎంత గట్టిగా కరువవచ్చునో నేర్చుకొనును. పదునెనిమిది నెలలు నిండని కుక్కను చూలునకు కట్టరాదు. ఒక తల్లికి జీవితమున ఐదుకంటె ఎక్కువ కాన్పులు కానీయరాదు.

అందుచేత కొనువాడు పిల్లను చూచుటకు ముందు తల్లిని చూడవలెను. అది ఉండు చోటు పొడిగా, శుభ్రముగా నున్నదా? యజమానిని చూచి తోక ఊపుచున్నదా, మూలకు నక్కుచున్నదా? పిల్లను రైల్వేస్టేషనులో అందింతును, ఇంటికి రానక్కరలేదు అనువానియొద్ద కొనకుండుటయే మేలు. మంచి పెంపకందారు తానే ఎదురుప్రశ్నలు వేయును: ఇంట పగలు ఎవరుందురు? పెరడు కలదా? ఊరికి పోవునపుడు కుక్కను ఎవరు చూతురు? పెంచలేనిచో తిరిగి తెచ్చి ఇమ్మని కూడ చెప్పును. టీకాల పుస్తకముపై పశువైద్యుని సంతకము, తేదీ, మందుసీసా చీటీ ఉండవలెను. కొన్న రెండుమూడు దినములలో తనకు తెలిసిన వైద్యునికి పిల్లను చూపుట కొనువాని పని.

ఇక జోనంగి మాట. 1980 తరువాత కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు విస్తరించెను. బాతుల మందలు తగ్గెను. పనిలేని కుక్కను పోషించువారు కరువైరి. కొన్ని దిక్కులేనివై గట్లపై తిరిగెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి; 2006లో దానిలోపలి చెరువుల గట్లను కొట్టివేసిరి. కాని చెదరిన మందలు మునుపటివలె తిరిగి రాలేదు. ఇప్పుడు నాటుజాతులపై కొందరికి ఆసక్తి పుట్టినది. అది మంచిదే. అయితే ఆసక్తి వెంట వ్యాపారియు వచ్చును. పొట్టివెండ్రుకల వీధికుక్క పిల్లకు జోనంగి యని పేరుపెట్టి అమ్ముట కష్టమైన పని కాదు. ఇచ్చట పత్రము సహాయపడదు. కొనగోరువాడు లంకగ్రామమునకు పోయి, తల్లిని, దొరికినచో తండ్రిని చూడవలెను; వాని కూత వినవలెను; అవి మూడు తరములుగా ఎవరి యింట నున్నవో పెద్దలను అడుగవలెను. ఇంటివెనుక గట్టున తల్లి త్రవ్వుకొన్న బొరియ యున్నదేమో, అదియు చూచి రావలెను.