పొదుగు వాపు వ్యాధి – కంటికి కనిపించని నష్టం

పాడిపశువుల వ్యాధులనగానే గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ మున్నగునవి మనకు స్ఫురించుట సహజం. అవి వచ్చినచో ఊరంతయు కలవరపడుతుంది. టీకాల కొరకు పశువైద్యశాలకు పరుగులు తీస్తారు. పొదుగు వాపు వ్యాధికి అట్టి ప్రసిద్ధి లేదు. అది ఒక కొట్టంలో, ఒక ఆవుకు, తరచు ఒక చన్నుకు మాత్రమే వస్తుంది. ఉత్తరాదివారు దీనిని ‘థనైలా’ అంటారు. ‘థన్’ అనగా చన్ను అని మా ఉర్దూ విభాగపు మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ప్రపంచమంతటా పాడి పరిశ్రమకు అధిక నష్టం కలిగించు వ్యాధులలో ఇది ముందువరుసలో నిలుస్తున్నది.

ఆవు పొదుగులో నాలుగు భాగాలు ఉన్నవి. ఒక భాగంలోని పాలు మరొక భాగంలోనికి పోవు. చన్ను కొనయందు సన్నని రంధ్రం, దానిని బిగించి ఉంచు కండరవలయం ఉంటాయి. పాలు పితికిన పిమ్మట ఈ రంధ్రం వెంటనే మూసుకొనదు. సుమారు అరగంట నుండి గంట వరకు పడుతుంది. ఆ వేళలో ఆవు పేడలోనో బురదలోనో పడుకొన్నచో సూక్ష్మజీవులు సులువుగా లోపల ప్రవేశిస్తాయి. పేడ, బురదల నుండి వచ్చువానిలో ఈ. కోలై ముఖ్యమైనది. స్టాఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే అనునవి మాత్రం ఒక ఆవు పొదుగు నుండి మరొక ఆవు పొదుగునకు పాలు పితుకువారి చేతుల ద్వారానే ప్రయాణం చేస్తాయి. వీనిలో స్టాఫిలోకాకస్ మిక్కిలి మొండిది. పొదుగు కండలో గూడు కట్టుకొని కూర్చుండుటచే మందులు దానిని చేరజాలవు.

మన రాష్ట్రాలలో హోల్‌స్టీన్, జెర్సీ సంకరజాతి ఆవులకు ఈ వ్యాధి దేశవాళీ ఆవులకంటె ఎక్కువగా సోకుతున్నది. గేదె చన్ను కండరవలయం గట్టిగా ఉండుటచే దానికి కొంత రక్షణ ఉన్నది. ఈనిన తొలి వారాలలోను, ఈతలు పెరిగిన పశువులలోను, కొట్టం తడిసి ముద్దయ్యే వర్షకాలంలోను బెడద హెచ్చు.

వ్యాధి రెండు రూపాలలో ఉంటుంది. పొదుగు వాచి, ఎఱ్ఱబారి, వేడెక్కి, పాలలో విరుగుడు తునకలో రక్తపు జీరలో కనిపించుట మొదటిది. దీనిని చూచి కొందరు దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు దిగదుడుస్తారు. మరికొందరు వైద్యుని పిలుస్తారు. ఏది చేసినను రోగమున్నదని మాత్రం తెలిసినది. రెండవ రూపంలో పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, ఆవు మేత మేస్తూనే ఉంటుంది. పాలు మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతాయి. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది.

ఒక చిన్న లెక్క వేసి చూతము. అప్పు చేసి కొన్న ఆవు రోజుకు 10 లీటర్లు ఇవ్వవలసినది, పైకి తెలియని వ్యాధిచే 9 లీటర్లు ఇస్తున్నదనుకొందము. 300 రోజుల పాడిలో 300 లీటర్లు పోయినట్లు. లీటరుకు 35 రూపాయల చొప్పున చూచినను 10,500 రూపాయలు. మేత, దాణా ఖర్చులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఈ మొత్తం ఏ చిట్టాలోను వ్రాయబడదు. ఎందుకనగా రాని పాలకు లెక్క వ్రాయువారు లేరు. “ఈ ఈతలో పాలు కాస్త తక్కువ” అని ఇంటివారు సరిపెట్టుకొంటారు. రోగం ముదిరి ఒక చన్ను పూర్తిగా చెడినచో, సంతలో ఆ ఆవు ధర పడిపోవుట వేరు.

దేశం మొత్తానికి ఈ నష్టం సంవత్సరానికి 52.9 కోట్ల రూపాయలని 1962లో అంచనా కట్టారు. 2009లో ప్రచురితమైన బన్సల్, గుప్తాల అంచనా 7,165.51 కోట్లు. రూపాయి విలువ, పశువుల సంఖ్య మారినవి కనుక ఈ రెండింటిని నేరుగా పోల్చరాదు. మేము గమనించదగినదిగా భావించునది వేరొకటి. 2009 నాటి అంచనాలో సుమారు 58 శాతం, అనగా 4,151 కోట్లు, పైకి కనిపించని వ్యాధి వల్ల కలిగినదే.

కనిపించని రోగాన్ని కనిపెట్టుటకు సాధనం లేకపోలేదు. రోగం సోకిన పొదుగులోనికి తెల్లరక్తకణాలు వచ్చి చేరుతాయి. మిల్లీలీటరు పాలలో ఈ కణాలు 2 లక్షలు దాటినచో రోగం ఉన్నదని అనుమానించవలెను. ఐరోపా దేశాలలో కణాల సగటు 4 లక్షలు మించినచో పాలు అంగీకరింపబడవు. కావున అచటి రైతుకు నష్టం వెంటనే తెలిసివస్తుంది. మన పాల కేంద్రాలలో సాధారణంగా వెన్నశాతం, వెన్నేతర ఘనపదార్థాలు చూచి ధర కడతారు. కణాల సంగతి అడుగువారు అరుదు. అడుగనిదానిని రైతు ఎందుకు పట్టించుకొనవలెను?

1957లో కాలిఫోర్నియాలో షామ్, నూర్లాండర్ అనువారు ఒక పరీక్షను వెలువరించారు. నాలుగు గిన్నెలున్న పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పితికి, సమానంగా మందు కలిపి త్రిప్పితే, రోగమున్న పాలు గంజివలె చిక్కబడతాయి. సబ్బు గుణమున్న ఆ మందు కణాలను పగులగొట్టుటయే ఇందులోని కీలకం. ఈ సూత్రంమీదనే ఫైసలాబాదు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు బట్టలుతుకు పొడితో 3 శాతం ద్రావణం చేసి అదే ఫలితం పొందవచ్చునని చూపారు. ఇంతకంటె చౌకయైన పరీక్ష ఉండదు.

చికిత్సకు చన్నులోనికి యాంటీబయాటిక్ మందు ఎక్కిస్తారు. మందు వాడుచున్న రోజులలోను, తరువాత వైద్యుడు చెప్పిన గడువు వరకును ఆ పాలు పారబోయవలెను. వానిని డబ్బాలో కలిపినచో పెరుగు తోడుకొనదు. త్రాగినవారి దేహంలోని సూక్ష్మజీవులు మందుకు లొంగని స్థితికి వస్తాయి. స్టాఫిలోకాకస్ విడుచు విషం పాలు కాచినను నశించదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేయుచున్న కలబంద, పసుపు, సున్నం పూత వాడుకలో ఉన్నది. అయినను జ్వరమెక్కి మేత మానిన ఆవును పూతలతో జాగు చేయరాదు.

నివారణ కొరకు ఇంగ్లండులోని రీడింగ్ పరిశోధకులు 1960 దశకంలో అయిదు సూత్రాలు కూర్చారు. పితికిన పిమ్మట చన్నులను క్రిమిసంహారక ద్రావణంలో ముంచుట, పాలయంత్రాలను సరిచూచుట, వెంటనే చికిత్స, వట్టిపోవు వేళ చన్నులలో మందు ఎక్కించుట, నయంకాని ఆవులను మందనుండి తొలగించుట. కడపటిది మనకు పొసగదు. ఒకే ఆవున్న ఇంటివారు దానిని తొలగించి ఏమి చేస్తారు? సంతకు తోలినచో రోగం మరొక ఇంటికి పోతుంది. తక్కినవానిలో మొదటిది మనకు అందుబాటులో ఉన్నది. అయొడిన్ ద్రావణం ఖర్చు ఒక లీటరు పాల నష్టం ముందు లెక్కకు రాదు. తొలి ధారలను నేలపై కాక నల్లని గిన్నెలో పితికి తునకలున్నవేమో చూచుట, బొటనవ్రేలు మడిచి చన్ను నొక్కు అలవాటు మానుట, జబ్బు ఆవును చివర పితుకుట, పితికిన వెంటనే పచ్చగడ్డి వేసి అరగంటయైనను ఆవును నిలబెట్టుట – వీనికి ఖర్చే లేదు.