నీటికాకి రెక్కలు ఎందుకు ఆరబెట్టుకుంటుంది?

మన అచ్చంపేట చుట్టుపక్కల నీళ్ళున్న ఏ చెరువుకట్ట మీదికి పోయినా ఒక నల్లని పక్షి కనిపిస్తుంది. నీళ్ళలో ఉన్న మొద్దు మీదనో, తుమ్మకొమ్మ మీదనో కూర్చుని, రెండు రెక్కలూ బార్లా చాపి ఎండకు ఆరబెట్టుకుంటూ ఉంటుంది. అదే నీటికాకి. పేరులో కాకి ఉన్నా కాకికీ దీనికీ చుట్టరికం లేదు, రంగు ఒక్కటే పోలిక. ఊరి చెరువు మొదలుకొని డిండి జలాశయం, శ్రీశైలం ప్రాజెక్టు వెనుక కృష్ణ నీళ్ళ వరకు చేపలున్న చోటల్లా ఇది బతుకుతుంది.

ఈ పక్షిని చూసినప్పుడు ఎవరికైనా రెండు ప్రశ్నలు వస్తాయి. నీళ్ళలో బతికే పక్షికి రెక్కలు తడవడం ఏమిటి? చెరువులో చేపలన్నీ ఇదే తినేస్తుందా? ఎం.ఎస్సీ.లో జంతుశాస్త్రం చదివిన మీ పూర్వ విద్యార్థిగా ఈ రెండింటికీ నాకు తెలిసినంత జవాబు చెబుతాను.

మూడు రకాలు

మన దేశంలో సాధారణంగా కనిపించే నీటికాకులు మూడు రకాలు. చెరువుల్లో ఎక్కువగా కనిపించేది చిన్న నీటికాకి. దీని శాస్త్రీయ నామం మైక్రోకార్బో నైజర్. పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, అంటే మూర కంటే కొంచెం ఎక్కువ. రెండోది భారత నీటికాకి. ఇది దానికంటే కొంచెం పెద్దది, ముక్కు సన్నగా పొడవుగా ఉంటుంది. మూడోది పెద్ద నీటికాకి, 80 నుంచి 100 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. వీటికి దగ్గరి బంధువు పాముమెడ పక్షి. అది ఒళ్ళంతా నీళ్ళలో దాచి మెడ మాత్రమే పైకి పెట్టి ఈదుతుంది. చూసినవాళ్ళు పామేనని భయపడతారు.

వేటకు తగిన శరీరం

బాతు కాలికి మూడు వేళ్ళ మధ్యనే పొర ఉంటుంది. నీటికాకికి నాలుగు వేళ్ళనూ కలుపుతూ పొర ఉంటుంది. నీటి లోపల రెక్కలను ఒంటికి అదిమిపెట్టి, ఈ కాళ్ళతోనే తెడ్డు వేసినట్టు తోసుకుంటూ చేపను తరుముతుంది. ముక్కు చివర కొక్కెంలా వంగి ఉండడం వల్ల జారే చేప కూడా జారిపోదు. పెరిగిన పక్షికి ముక్కు రంధ్రాలు బయటికి మూసుకుపోయి ఉంటాయి, ఊపిరి నోటితోనే పీలుస్తుంది. మనం నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా మసకగా కనిపిస్తుంది. నీటికాకి తన కంటి కటకాన్ని నొక్కి మరింత గుండ్రంగా చేసుకుంటుంది కాబట్టి లోపల కూడా దానికి చూపు ఆనుతుంది.

పట్టిన చేపను పైకి తెచ్చి, ఎగరేసి, తల ముందు పోయేటట్టు మింగుతుంది. తోక వైపు నుంచి మింగితే జెల్ల ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది. తల వైపు నుంచి మింగితే ముళ్ళు వెనక్కి ముడుచుకుంటాయి. అరగని ఎముకలను తర్వాత ఉండలా చేసి కక్కేస్తుంది.

తడవడమే దాని బలం

బాతు తోక దగ్గర ఉన్న గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది, అందుకే తడవదు. నీటికాకికి ఆ గ్రంథి లేదని చాలామంది అంటారు. అది నిజం కాదు. గ్రంథి ఉంది. తేడా ఈక నిర్మాణంలో ఉంది. దీని మీద 1968లోనే పరిశోధన వచ్చింది. 2005లో పెద్ద నీటికాకి ఈకలను పరిశీలించినవారు, ఈక అంచులు నీటిని పీల్చుకుంటాయనీ, మధ్యభాగం మాత్రం తడవదనీ చూపించారు. పైన తడిసినా ఒంటిని ఆనుకుని పలుచని గాలి పొర మిగులుతుంది. కాబట్టి చలి పూర్తిగా లోపలికి దిగదు.

దీనివల్ల లాభం ఏమిటి? బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు ఖాళీ డబ్బా కట్టుకుంటాం. ఆ డబ్బాతోనే అడుగుకు మునిగి మట్టి తెమ్మంటే తేగలమా? డబ్బాలోని గాలి పైకి లేపుతుంది. ఈకల నిండా గాలి ఉన్న పక్షి పరిస్థితి కూడా అంతే. అంచులు తడిస్తే ఆ గాలి తగ్గుతుంది, మునగడం సులువవుతుంది. అందుకు చెల్లించే ధర ఏమిటంటే, వేట అయ్యాక బయటికి వచ్చి రెక్కలు ఆరబెట్టుకోవాలి. మనం లోపం అనుకున్నది దాని పనిముట్టు.

గూడు, పిల్లలు

నీటికాకులు కొంగలతో కలిసి ఒకే చెట్టు మీద గుంపుగా పుల్లలతో గూళ్ళు కడతాయి. చిన్న నీటికాకి రెండు నుంచి ఆరు గుడ్ల వరకు పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పొదుగుతారు. పిల్లలు ఈకలు లేకుండా పుడతాయి, పెద్దవాటి నోట్లోకి తల దూర్చి మేత తీసుకుంటాయి. సుమారు నెల రోజులకు గూడు వదులుతాయి. గుంటూరు జిల్లా ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలతోపాటు నీటికాకులూ ఉంటాయి. ఊరివాళ్ళే వాటిని కాపాడుకుంటున్నారు.

చేపల దొంగా?

ఇక రెండో ప్రశ్న. మత్స్యకారుల బాధను కొట్టిపారేయలేం. తెలంగాణలో 2016-17లో చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలైంది. చిన్న చెరువుల్లో వదిలే బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటాయి. అంటే రెండు వేలికణుపులంత. అవి నీటికాకికి ఒక్క గుటక. కొత్తగా వదిలిన రోజుల్లో నష్టం ఉంటుంది.

కానీ కిలో తూగే చేపను చిన్న నీటికాకి మింగలేదు. లోతు తక్కువున్న నీళ్ళలో పరకల్లాంటి చిన్న చేపలే దాని రోజువారీ తిండి. కాబట్టి వీలైనచోట పిల్లలను కొంత పెంచి వదలడం, దాక్కోవడానికి చెరువులో కంప వేయడం మేలు. పక్షిని చంపడం పరిష్కారం కాదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం కూడా. పైగా దాని రెట్ట చెరువుకు ఎరువే. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 19వ శతాబ్దంలో సముద్రపక్షుల రెట్టను ఎరువుగా అమ్మి పెద్ద ఆదాయం పొందింది. ఆ పక్షుల్లో ముఖ్యమైనది ఒక రకం నీటికాకే. జపాన్‌లోని గిఫు పట్టణం దగ్గర నాగర నదిలో నేటికీ నీటికాకులకు మెడకు తాడు కట్టి చేపలు పట్టిస్తారు. ఒకచోట దొంగ అనిపించుకున్నదే మరోచోట పనిలో తోడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన చేతిలో ఉన్న పనులు మూడు. తెగిపోయిన నైలాన్ వలలు నీళ్ళలో కనిపిస్తే బయటికి తీయించండి, మునిగే పక్షి వాటిలో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. గూళ్ళున్న చెట్టును పిల్లలు ఎగిరిపోయేదాకా కొట్టనివ్వకండి. రెక్కలు చాపి కూర్చున్న పక్షి మీద రాయి వేయకండి, అది వేట ముగించి వచ్చి ఒళ్ళు ఆరబెట్టుకుంటోంది. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు నోటుబుక్కు పట్టుకుని ఒక గంట చెరువుకట్ట మీద కూర్చోండి. ఎన్నిసార్లు మునిగింది, ఎన్ని సెకన్లకు పైకి వచ్చింది, ఎంతసేపు రెక్కలు చాపింది, రాసుకోండి. సైన్సు చదవడానికి ప్రయోగశాల లేదని ఆగనక్కరలేదు. మన చెరువు ఉంది.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)