ఎఫ్‌ఐఆర్ రాసిన మర్నాటి నుంచి...

‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు.’ నేర వార్తలన్నీ దాదాపుగా ఈ వాక్యంతోనే ముగుస్తాయి. అసలు పని మొదలయ్యేది మాత్రం అక్కడే. ఆ తర్వాత స్టేషన్లో, ఊళ్ళో, ల్యాబులో నడిచే వ్యవహారంలో మనకు తెలియని విశేషాలు చాలా ఉన్నాయి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది కాబట్టి తెలిసిన సంగతులు కూడా కొన్ని మారాయి.

దర్యాప్తు అధికారి ఏ రోజు పని ఆ రోజే కేసు డైరీలో రాయాలి. కబురు ఏ గంటకు అందింది, పని ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగించాడు, ఎక్కడెక్కడికి వెళ్ళాడు, ఏం తేలింది అన్నీ అందులో ఉండాలి. పేజీలకు వరసగా నంబర్లు వేయాలి, మధ్యలో ఒక కాగితం మార్చడానికి వీల్లేకుండా. జడ్జి దాన్ని తెప్పించుకుని చూడొచ్చు గానీ సాక్ష్యంగా వాడుకోకూడదు. చూపించమని అడిగే హక్కు ముద్దాయికి లేదు.

సాక్షి చెప్పింది పోలీసులు రాసుకుంటారు. ఆ కాగితం మీద సాక్షి సంతకం మాత్రం తీసుకోకూడదు, చట్టమే వద్దంది. ఆడవాళ్ళను, 15 ఏళ్ళలోపు మగపిల్లలను, 60 దాటిన మగవాళ్ళను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు. పోలీసులే వాళ్ళుండే చోటికి వెళ్ళాలి. ఈ నియమం ఊళ్ళల్లో ఎంతమందికి తెలుసో! ‘స్టేషన్ గడప తొక్కాల్సి వస్తుంది’ అన్న భయంతో నోరు మూసుకునే అవ్వలు, తాతలు ఇది వింటే కాస్త ధైర్యపడతారు.

రక్తం అంటిన చొక్కా దొరికిందనుకోండి. దాన్ని అలాగే ప్లాస్టిక్ కవర్లో చుట్టేస్తే తడికి బూజు పట్టి డీఎన్‌ఏ పాడైపోతుంది. నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటించి సీలు వేయాలి. అక్కణ్ణుంచి ల్యాబుకు చేరేదాకా ఎవరి చేతికి ఎప్పుడు వచ్చిందో రాసుండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా డిఫెన్సు లాయరు పట్టుకునేది అక్కడే. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వచ్చి తీరాలని కొత్త చట్టం అంటోంది. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చింది. సోదా, స్వాధీనం చేసుకోవడం కూడా ఇప్పుడు వీడియో తీయాల్సిందే.

ఇక మన గుంటూరు జిల్లా సంగతి. దేశంలో లా చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకునే తీర్పుల్లో ‘పులుకూరి కొట్టయ్య కేసు’ ఒకటి. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పటి చివరి అప్పీలు కోర్టు) దాకా వెళ్ళిన హత్య కేసది, 1947 నాటి లా రిపోర్టుల్లో అచ్చయింది. ముద్దాయిల్లో ఒకడు పోలీసులకు రెండు రకాల సంగతులు చెప్పాడు: పొద్దుగూకే వేళ చెరువు మూల కాపు కాసి కొట్టామన్నది ఒకటి, ఈటెను గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తానన్నది రెండోది. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. అయితే అతని మాటను బట్టి వస్తువు దొరికితే? దాచిపెట్టిన చోటుకు సంబంధించిన ముక్క చెల్లుతుంది, కాపు కాసి కొట్టామన్నది చెల్లదు అని ప్రివీ కౌన్సిల్ జడ్జీలు తేల్చారు. వస్తువొకటి దొరికింది కదా అని ఒప్పుకోలు మొత్తాన్నీ అనుమతిస్తే, పోలీసులు ప్రతి కేసులోనూ ఏదో ఒక వస్తువు ‘దొరికేలా’ చేసి నిషేధాన్ని దాటేస్తారన్నది వాళ్ళ భయం. ఎంత ముందుచూపు! 2023లో సాక్ష్య చట్టాన్ని మార్చి రాసినా ఈ సూత్రం అలాగే నిలిచింది.

ఇక వేలిముద్రల విషయానికొస్తే, ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పుట్టింది. ఆ పద్ధతికి లెక్కలు కట్టి రూపమిచ్చిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పేర్లు వెనక్కి పోయి, పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరే నిలిచిపోయింది. ఇది అన్యాయమే. ఆ కొత్తలోనే జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అతని సామాన్లలోని బెంగాలీ పంచాంగం మీద రక్తపు బొటనవేలి గుర్తు కనపడింది. అంతకుముందు దొంగతనం కేసులో జైలుకెళ్ళిన పాత నౌకరు ముద్రతో అది సరిపోయింది. అయినా 1898లో కోర్టు అతనికి దొంగతనానికే శిక్ష వేసింది. ప్రత్యక్ష సాక్షి లేకుండా వేలిముద్ర ఒక్కటే చూసి హత్యానేరం మోపడానికి జంకింది.

డీఎన్‌ఏ పరీక్షల విషయంలో మన దేశంలో ఆ ఖ్యాతి హైదరాబాదుది. ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం స్వదేశీ పద్ధతిని తయారుచేసింది. 1995 నాటి ఢిల్లీ తందూర్ హత్య కేసులో కాలిపోయిన దేహం ఎవరిదో తల్లిదండ్రుల రక్తంతో పోల్చి తేల్చింది ఈ నగరమే.

నార్కో పరీక్ష చేస్తే నిజం బయటపడుతుందని జనం అనుకుంటారు. మనిషి ఒప్పుకోకుండా అది చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పేసింది.

సీసీ కెమెరా ఫుటేజీ ఇచ్చేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచేయాలి. ఆ ఫైలు తాలూకు హ్యాష్ విలువ (ఫైలును గుర్తుపట్టే కోడు) కూడా అందులో ఉండాలి. తర్వాత ఎవరైనా ఒక్క ఫ్రేము మార్చినా ఆ విలువ మారిపోతుంది. మరో సంగతి, చాలా కెమెరాల్లో కొన్నాళ్ళకు పాత రికార్డింగు మీదే కొత్తది పడుతుంది. అందుకే మీ వీధిలో ఏదైనా జరిగితే ఫుటేజీ సంగతి వెంటనే పోలీసుల చెవిన వేయండి.

ముద్దాయి జైల్లో ఉంటే ఛార్జిషీటుకు గడువు 60 రోజులు, పెద్ద నేరాలైతే 90. అది దాటితే బెయిలు అతని హక్కు. ఛార్జిషీటు వేశాక కొత్త ఆధారం దొరికితే దర్యాప్తు మళ్ళీ కొనసాగించొచ్చు. విచారణ మొదలయ్యాక అయితే కోర్టు అనుమతి కావాలి.

బాధితులకు చివరగా ఒక మాట. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయాలి. కేసు మూసేస్తామంటే కోర్టు మీ మాట వినకుండా ఒప్పుకోకూడదు, అప్పుడు మీరు అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు. నకలు జాగ్రత్తగా దాచుకోండి, తేదీ గుర్తు పెట్టుకోండి, 90 రోజులు దాటాక స్టేషన్‌కు వెళ్ళి అడగండి.