యువ క్వార్టర్‌బ్యాక్ ఎదుగుదల – జట్టు అండ, యాజమాన్య పాత్ర: హైదరాబాదు అనుభవంతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ జట్టు తరఫున నిర్ణయాలు తీసుకొనే ఆటగాడు. అతని ఎదుగుదలను సాధారణంగా వ్యక్తిగత ప్రతిభకే ముడిపెట్టి చూస్తారు. సహచరుల రక్షణ, శిక్షణలో స్థిరత్వం, యజమాని ఓర్పు అనే మూడు అంశాలు ఆ ప్రతిభను ఎలా తీర్చిదిద్దుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికా జట్ల ఉదాహరణలతో ఈ అంశాలను స్పష్టపరచి, వాటి వెలుగులో హైదరాబాదు సిటీ పోలీస్, హైదరాబాద్ ఎఫ్‌సీ జట్ల అనుభవాలను పరిశీలిస్తుంది. నగర ఉత్తర శివారులోని బాల క్రీడాకారుల శిక్షణకు పనికివచ్చే కొన్ని సూచనలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్వార్టర్‌బ్యాక్, జట్టు అండ, యాజమాన్యం, హకీంపేట, సయ్యద్ అబ్దుల్ రహీం, తులసీదాస్ బలరామ్, హైదరాబాద్ ఎఫ్‌సీ.

1. ఉపోద్ఘాతం

పేట్ బషీరాబాద్‌కు ఈశాన్య దిశలో, శామీర్‌పేటకు పోయే దారిలో హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. 1993లో ప్రారంభమైన ఈ ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో నాలుగవ తరగతిలో ప్రవేశాలు జరుగుతాయి. పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. పరుగు, నిలుచున్న చోటనుంచి దూకగల దూరం, మెడిసిన్ బాల్ విసరగల శక్తి వంటివి పరీక్షిస్తారు. ఇవన్నీ కొలతకు లొంగే శక్తులు. అయితే జట్టు క్రీడలలో కొలతకు లొంగని శక్తి ఒకటి ఉంది. మైదానమంతటినీ ఒక్క చూపులో గ్రహించి, బంతి ఎవరికి చేరాలో క్షణంలో నిర్ణయించగల శక్తి అది. ఆ శక్తి ఎనిమిదేళ్ల వయసులో బయటపడదు. దానిని గుర్తించడమే కాదు, పెంచి పోషించడం కూడా ఒక వ్యవస్థ చేయవలసిన పని.

ఈ పోషణ ఎలా జరుగుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో అతి స్పష్టంగా కనిపించే స్థానం అమెరికన్ ఫుట్‌బాల్‌లోని క్వార్టర్‌బ్యాక్. ఆ ఆట మన నగరానికి పూర్తిగా అపరిచితం కాదు. 2012లో పోటీలు నిర్వహించిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది. ఇతర క్రీడలనుంచి వచ్చిన యువకులు అందులో ఈ ఆటను మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. అందువల్ల మొదట ఆ స్థానపు స్వభావాన్ని దాని స్వస్థలంలోనే పరిశీలించి, తరువాత మన ఫుట్‌బాల్ చరిత్రలోకి రావడం సమంజసం.

2. క్వార్టర్‌బ్యాక్ స్థాన స్వభావం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టుకు పదకొండు మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. ప్రతి ప్రయత్నంలోను బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అతడు దానిని పక్కవానికి అందించవచ్చు, దూరాన పరుగెత్తుతున్న సహచరునికి విసరవచ్చు, తానే పరుగెత్తవచ్చు. బంతి విసరవలసి వస్తే అతనికి దొరికే వ్యవధి సుమారు మూడు క్షణాలు.

ఆ మూడు క్షణాలు అతని సొంత ఆస్తి కావు. అతని ముందు నిలబడే అయిదుగురు రక్షకులు ప్రత్యర్థులను అడ్డగించి సంపాదించి పెట్టే కాలం అది. వారు విఫలమైతే ఎంత ప్రతిభావంతుడైనా బంతి విసరకముందే నేలకూలుతాడు. అంటే నిర్ణయం ఒకనిది, నిర్ణయానికి కావలసిన కాలం అయిదుగురిది. ఈ ఆధారపడటాన్ని అర్థం చేసుకోకుండా యువ క్వార్టర్‌బ్యాక్ జయాపజయాలను అంచనా వేయడం సాధ్యం కాదు.

3. ఎదుగుదలకు మూడు ఆధారాలు

3.1 సహచరుల రక్షణ

అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో కొత్త ఆటగాళ్ల ఎంపికకు ఒక పద్ధతి ఉంది. గడచిన సంవత్సరం అట్టడుగున నిలిచిన జట్టుకు తొలి ఎంపిక హక్కు దక్కుతుంది. జట్ల మధ్య సమతుల్యానికి ఇది మేలు చేస్తుంది. కాని దీని ఫలితంగా అత్యంత ఆశలు రేపే యువకుడు తరచుగా అత్యంత బలహీనమైన జట్టులోకి అడుగుపెడతాడు. 2002లో కొత్తగా ఏర్పడిన హ్యూస్టన్ టెక్సాన్స్ జట్టు తొలి ఎంపికగా డేవిడ్ కార్‌ను తీసుకుంది. ఆ ఒక్క సంవత్సరంలోనే అతడు 76 సార్లు బంతి విసరకముందే పట్టుబడి నేలకూలాడు. అది లీగ్ చరిత్రలో ఒక సంవత్సరానికి నమోదైన అత్యధిక సంఖ్య. ఇలా దెబ్బలు తిన్న యువకుడు దూరాన ఉన్న సహచరుని చూడటం మాని, మీదికి వచ్చే ప్రత్యర్థిని చూడటం అలవాటు చేసుకుంటాడు. దెబ్బ శరీరానికి తగిలినా గాయం నిర్ణయశక్తికి అవుతుంది.

3.2 శిక్షణలో స్థిరత్వం

ప్రతి శిక్షకునికి తనదైన వ్యూహభాష ఉంటుంది. శిక్షకుడు మారితే యువకుడు ఆ భాషను మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. స్థిరమైన వాతావరణం ఏమి చేయగలదో కాన్సాస్ సిటీ ఛీఫ్స్ జట్టులో కనిపిస్తుంది. 2017లో ఎంపికైన పాట్రిక్ మహోమ్స్‌ను శిక్షకుడు ఆండీ రీడ్ వెంటనే మైదానంలోకి దింపలేదు. అనుభవజ్ఞుడైన అలెక్స్ స్మిత్ ఆడుతుండగా అతడు దాదాపు సంవత్సరమంతా పక్కన ఉండి నేర్చుకున్నాడు. 2018లో ప్రధాన స్థానం దక్కినప్పుడు 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు.

3.3 యజమాని ఓర్పు

ఓటమి కాలంలో శిక్షకుని, యువకుని నిలబెట్టగలిగేది యజమాని ఒక్కడే. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు ఒక ధనిక యజమాని లేడు. 5 లక్షలకు పైగా వాటాదారులు దానికి సొంతదారులు. ఆ వాటాలపై లాభాంశం రాదు. ఈ జట్టు 2005లో ఎంపిక చేసిన ఆరన్ రోడ్జర్స్‌ను మూడేళ్లు వేచి ఉంచి 2008లో ప్రధాన స్థానంలో నిలిపింది. 2020లో ఎంపికైన జోర్డాన్ లవ్ కూడా 2023లోనే ఆ స్థానానికి వచ్చాడు.

అయితే వేచి ఉంచడమే ఏకైక మార్గమనుకోవడం పొరపాటు. 1998లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టు పేటన్ మానింగ్‌ను తొలి మ్యాచ్ నుంచే ఆడించింది. అతని పాస్‌లలో 28 ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. జట్టు 3 మ్యాచ్‌లు మాత్రమే గెలిచి 13 ఓడింది. అయినా అతనిపై నమ్మకం సడలలేదు. మరుసటి సంవత్సరం ఆ లెక్క తలకిందులై 13 గెలుపులు, 3 ఓటములుగా మారింది. కూర్చోబెట్టి నేర్పడం, ఆడించి నేర్పడం రెండూ ఫలించవచ్చు. తప్పులు చేసే హక్కును యువకునికి ఎవరు కల్పిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

శామ్ డార్నాల్డ్ ఉదాహరణ ఈ వాదాన్ని మరింత బలపరుస్తుంది. 2018లో న్యూయార్క్ జెట్స్ మూడవ ఎంపికగా తీసుకున్న అతడు అక్కడ రాణించలేక విఫలుడన్న ముద్రతో బయటికి వచ్చాడు. అదే ఆటగాడు 2024లో మిన్నెసోటా వైకింగ్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగా ఆ జట్టు 14 మ్యాచ్‌లు గెలిచింది. వయసుతో వచ్చిన పరిణతిని కాదనలేము. కాని చుట్టూ ఉన్న జట్టు మారడాన్ని విస్మరించి ఈ మార్పును వివరించలేము.

4. హైదరాబాదు అనుభవం: పోలీస్ జట్టు, రహీం

పై మూడు ఆధారాలు ఒకేచోట కుదిరిన కాలం హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఉంది. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్. ఇందులో క్వార్టర్‌బ్యాక్ అనే స్థానం లేదు. అయినా ఆట గతిని నిర్ణయించి బంతిని పంచే ఆటగాడు ఇక్కడా ఉంటాడు. అతని ఎదుగుదల సమస్య కూడా అదే.

హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఈ జట్టుకు యజమాని ఒక ప్రభుత్వ శాఖ. ఆటగానికి ఉద్యోగం, జీతం ఉండేవి. ఒక మ్యాచ్ ఓడితే పొట్టకూటికి ముప్పు లేదు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1963లో మరణించేవరకు ఆయన భారత జట్టును తీర్చిదిద్దారు. ఆయన మార్గదర్శకత్వంలో భారతదేశం 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

రహీం యువకుల కోసం కొన్ని ప్రత్యేక పోటీలు నిర్వహించారు. బంతిని కాలితో నడుపుకుంటూ పోవడం నిషిద్ధమైన పోటీ వాటిలో ఒకటి. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీ మరొకటి. మొదటి పోటీలోని విద్యావిలువ గమనించదగినది. బంతి అందగానే దానిని వదిలించుకోవలసిన ఆటగాడు, బంతి రాకముందే సహచరులెక్కడున్నారో చూసుకోక తప్పదు. క్వార్టర్‌బ్యాక్‌కు మూడు క్షణాలు నేర్పే పాఠాన్నే రహీం ఒక్క నియమంతో నేర్పారు.

ఆయన చేయూతకు తులసీదాస్ బలరామ్ జీవితం నిదర్శనం. సికింద్రాబాదు శివారులోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన బలరామ్‌కు నగరంలోని మైదానానికి రోజూ వచ్చే స్తోమత లేదు. రహీం సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారని బలరామ్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఆ కుర్రవాడే ఇరవై ఏళ్ల ప్రాయంలో మెల్‌బోర్న్‌లోను, ఆపై 1962లో జకార్తాలోను దేశం తరఫున ఆడాడు. జట్టు అండ అన్న మాటకు ఇంతకన్న సూటి అర్థం ఉండదు. ప్రతిభకు, మైదానానికి మధ్య ఉన్న దూరాన్ని ఎవరో ఒకరు తగ్గించాలి.

5. హైదరాబాద్ ఎఫ్‌సీ: ఒకే జట్టులో రెండు పాఠాలు

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ తొలి సంవత్సరంలో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2020లో శిక్షకుడిగా వచ్చిన మనోలో మార్కెజ్ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులకు వరుసగా అవకాశాలిచ్చారు. జొవావ్ విక్టర్ వంటి అనుభవజ్ఞులు వారి పక్కన నిలిచారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో 3–1తో గెలిచి జట్టు విజేతగా అవతరించింది.

2023లో మార్కెజ్ వెళ్లిపోయారు. బకాయిల వివాదాల కారణంగా కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం వచ్చింది. విదేశీ ఆటగాళ్లు జట్టును వీడారు. 2023–24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు దక్కాయి. అప్పుడు మైదానంలో మిగిలినవారిలో ఎక్కువమంది యువకులే. పైపైన చూస్తే వారికి కోరినన్ని అవకాశాలు దొరికాయి. నిజానికి రక్షణ లేని అవకాశం డేవిడ్ కార్‌కు దొరికిన అవకాశం వంటిదే. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. రెండేళ్లలో మూడు ఆధారాలూ ఒక్కొక్కటిగా తొలగిపోయిన తీరు ఇది.

హకీంపేటలో గాని, మేడ్చల్, పేట్ బషీరాబాద్ పరిసరాలలోని ఆటస్థలాలలో గాని బంతి తన్నే బాలునికి ఇది దూరపు వార్త కాదు. నిచ్చెన పైమెట్టు తొలగిపోతే కింది మెట్టుపై ఉన్నవాని చూపు ఎటు పోవాలో తెలియదు.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నిర్ణయం తీసుకొనే ఆటగాని ప్రతిభ అతని చుట్టూ ఉన్నవారు సంపాదించి ఇచ్చే కాలంపై ఆధారపడుతుంది. కాబట్టి అతని వైఫల్యాన్ని జట్టునుంచి విడదీసి లెక్కించరాదు.

2. యాజమాన్య రూపం కన్నా యాజమాన్య స్వభావం ముఖ్యం. వాటాదారుల జట్టు, ప్రభుత్వ శాఖ, ప్రైవేటు సంస్థ – ఏదైనా జీతాన్ని, శిక్షకుని, ఓర్పును నిలబెట్టినంతకాలం ఫలితమిచ్చింది.

3. క్రీడా పాఠశాలలు ప్రవేశ సమయంలో శరీర సామర్థ్యాన్ని కొలిచినా, శిక్షణాకాలంలో నిర్ణయశక్తిని పెంచే అభ్యాసాలకు చోటు కల్పించాలి. రహీం పోటీలు పైసా ఖర్చు లేని నమూనాలు.

4. వృత్తి జట్లు ఒక నగరంలో అడుగుపెట్టేటప్పుడు అక్కడి బాల క్రీడాకారుల శిక్షణకు దీర్ఘకాలిక బాధ్యత వహించేలా ఒప్పందాలు ఉండాలి. జట్టు తరలిపోయినా శిక్షణ ఆగిపోకూడదు.

బలరామ్‌కు ఆనాడు కావలసినది సైకిలు అద్దె. నేటి బాలునికి కావలసినది మరొకటి కావచ్చు. అది ఏమిటో అడిగి తెలుసుకొనే శిక్షకుడు, ఆ శిక్షకుని నిలబెట్టే యజమాని దొరికినచోటే నిర్ణయాలు తీసుకొనే ఆటగాళ్లు తయారవుతారు.