కఠోర వ్యాయామము – ఆమ్లజని ఒత్తిడి

పరుగు పందెములో పాల్గొనువాని కాలి కండరములు విశ్రాంతి సమయమున కంటె అనేక రెట్లు ఆమ్లజనిని వినియోగించుకొనును. కండరము పనిచేయునపుడు కొన్ని ఆమ్లజని అణువులు ఒక్కొక్క ఎలక్ట్రానును అదనముగా గ్రహించి సూపరాక్సైడుగా మారును. ఇట్టి చురుకైన వానిని స్వేచ్ఛా ప్రాతిపదికలందురు. 1982లో అమెరికాలో డేవిస్, ప్యాకర్ ప్రభృతులు ఎలుకలను అలసి సొలసిపోవువరకు పరుగెత్తించి చూడగా, వాని కండరములలోను కాలేయములోను ఇవి రెండు మూడు రెట్లు పెరిగియుండెను.

దీనిని ఇనుము త్రుప్పు పట్టుటతో పోల్చుట కలదు. ఆ పోలిక సగమే సరియైనది. ఇనుము తన్ను తాను బాగుచేసికొనలేదు, జీవకణము చేసికొనగలదు. సూపరాక్సైడు డిస్మ్యుటేజు అను ఎంజైము (దీని పనిని 1969లో మెకార్డ్, ఫ్రిడొవిచ్ వెల్లడించిరి) సూపరాక్సైడును హైడ్రొజన్ పెరాక్సైడుగా మార్చును. కెటలేజు దానిని నీరుగాను ఆమ్లజనిగాను విడగొట్టును. క్రమముగా సాధన చేయువారి కండరములలో ఈ రక్షణ బలపడును.

అట్లయిన విటమిను మాత్రలు మ్రింగిన మరింత మేలు కదా? 2009లో జర్మనీలో రిస్టో బృందము ప్రకటించిన ఫలితము వేరుగా నున్నది. నాలుగు వారములు వ్యాయామము చేసిన యువకులలో కొందరికి దినమునకు 1000 మి.గ్రా. సి విటమిను, 400 యూనిట్ల ఇ విటమిను ఇచ్చిరి. మాత్రలు లేనివారి శరీరము ఇన్సులినుకు మెరుగుగా స్పందించెను. మాత్రలు వాడినవారిలో ఆ మెరుగు కానరాలేదు. ఆ కొద్దిపాటి ఒత్తిడియే రక్షణను పెంచుమని కణమునకు అందు కబురు. మాత్రలు దానిని దారిలోనే ఆపినవి.

కబురు అందినను పని జరుగుటకు వ్యవధి కావలెను. తరిగిపోయిన గ్లైకోజను తిరిగి నిండుటకే, చక్కని భోజనము చేసినను, సుమారు ఒక దినము పట్టును.